జెల్ పాలిష్ తీసిన తరువాత గోటికి జరిగేదేమి?

మన భాషలో గోటికి ఉన్న ప్రసక్తి తక్కువైనది కాదు. ఒకనిని మరొకనితో పోల్చి కాలిగోటికి సరిపోడంటాము. చిన్న పనికి పెద్ద ప్రయత్నం చేసేవానిని గోటితో పోయేదానికి గొడ్డలి యెందుకని మందలిస్తాము. కష్టం మీద కష్టం వచ్చిపడితే గోరుచుట్టుపై రోకటిపోటు అని నిట్టూరుస్తాము. ఇంతగా వాడుకొనే ఆ గోరు దేనితో నిర్మితమైనదో, దెబ్బతింటే ఎట్లా బాగుపడుతుందో మాత్రం మనలో చాలామంది ఆలోచించరు.

ఇటీవలి సంవత్సరాలలో నగరాలలోనే గాక చిన్న పట్టణాల బ్యూటీ పార్లర్లలో సైతం జెల్ పాలిష్ వాడుక వ్యాపించినది. పెళ్ళిళ్ళకు, పండుగలకు వేయించుకొని కొద్ది రోజుల తరువాత తీసివేయగా గోళ్ళు కాగితంవలె పలుచబడినవనీ, తెల్లని మచ్చలు పడినవనీ, అంచులు పొరలుగా లేచిపోతున్నవనీ విద్యార్థినులు చెప్పగా తరచు వింటున్నాము. దానికి సాధారణంగా లభించే సమాధానం ‘గోరు ఎండిపోయినది, నూనె రాయండి’ అని. ఈ సమాధానంలో సత్యం కొంత మాత్రమే ఉన్నది. మిగిలినదేమో తెలుసుకొనవలెనంటే ముందు గోటి నిర్మాణాన్ని చూడవలెను.

గోరు కెరటిన్ అనే మాంసకృత్తుతో నిండిన మృతకణాల పలక. వెంట్రుకలలో ఉండేదీ ఈ జాతి పదార్థమే. చేతిగోటి మందం సుమారు అర మిల్లీమీటరు. అందులోనే మూడు పొరలున్నవి. పైపొర పలుచనిది, గట్టిది. నడిమి పొర మందమైనది, కొంత మెత్తనిది. అడుగుపొర గోటి కింది చర్మాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. గోటికి గట్టిదనం సున్నపు ధాతువు వలన వస్తుందని చాలామంది నమ్ముతారు గాని, గోటిలో కాల్షియం పాలు అత్యల్పము. కెరటిన్ పోగులను ఒకదానితో నొకటి బిగించే గంధకపు బంధాలే ఆ గట్టిదనానికి ముఖ్యకారణము. కావున గోళ్ళు విరుగుతున్నవని కాల్షియం మాత్రలు మింగడం వలన ప్రయోజనం లేదు.

గోటిలో జీవం ఉన్న చోటు ఒక్కటే. అది గోటి మొదట చర్మపు మడత కింద దాగిన వేరు. బొటనవ్రేలి గోటి అడుగున అర్ధచంద్రాకారంగా తెల్లగా కనబడే భాగం ఆ వేరు యొక్క అంచే. అక్కడ పుట్టిన కణాలు గట్టిపడి, చనిపోయి, ముందుకు నెట్టబడుతూ వస్తవి. చర్మం తెగితే అతుకుకొంటుంది, ఎముక విరిగితే కూడుకొంటుంది. గోటి పలకకు ఆ శక్తి లేదు. దెబ్బతిన్న భాగం వ్రేలి కొన దాకా జరిగి, కత్తిరింపబడి పోవలసినదే. విలియం బీన్ అనే అమెరికన్ వైద్యుడు తన ఎడమ బొటనవ్రేలి గోటి మొదట గీటు పెట్టి, అది కొనకు చేరే కాలాన్ని 35 సంవత్సరాలు లెక్కకట్టి, ఆ వివరాలను 1980లో ప్రకటించినాడు. 32వ ఏట ఆ గోరు రోజుకు 0.123 మిల్లీమీటరు పెరుగగా, 67వ ఏట 0.095 మిల్లీమీటరు మాత్రమే పెరిగినది. పరికరాలు, నిధులు లేవని నిరుత్సాహపడే మన విజ్ఞాన విద్యార్థులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకొనదగును. స్థూలంగా చెప్పవలెనంటే చేతిగోరు నెలకు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుండి కొన వరకు మారడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. పది నిమిషాలలో చేసిన నష్టానికి ఆరు నెలల గడువన్న మాట.

ఇక రంగుల సంగతి. మనకు తరతరాలుగా తెలిసిన గోరింటాకు కెరటిన్‌కు పట్టే రంగు. దానిని తీయవలసిన పని లేదు, గోటితో పాటే పెరిగి పోతుంది. (నల్ల మెహందీ పేరుతో అమ్మే ఘాటైన రసాయనపు రంగుకు ఈ మాట వర్తించదు.) సాధారణమైన నెయిల్ పాలిష్ ఒక ద్రావకంలో కరిగిన నైట్రోసెల్యులోజ్ పూత. ద్రావకం ఆవిరి కాగా ఎండుతుంది, మళ్ళీ ద్రావకం తగిలితే కరుగుతుంది. జెల్ పాలిష్ వీటికి భిన్నమైనది. అందులో మెథాక్రిలేటు జాతికి చెందిన చిన్న అణువులుంటవి. అతినీలలోహిత కాంతి ప్రసరించే దీపం కింద వ్రేళ్ళు ఉంచినప్పుడు ఆ అణువులు ఒకదానితో నొకటి ముడిపడి వలవంటి ప్లాస్టిక్ పొరగా మారుతవి. కావున జెల్ పాలిష్ ‘ఆరింది’ అనడం కంటె ‘గట్టిపడింది’ అనడం సరియైనది. అందువల్లనే అది రెండు మూడు వారాలు చెక్కుచెదరక నిలుస్తుంది, అందువల్లనే దానిని తీయడమూ కష్టము.

నానబెట్టి తీసే జెల్ అని పేరుపడిన రకాన్ని ఎసిటోన్‌తో తీస్తారు. ఎసిటోన్ దానిని కరిగిస్తుందనుకొనడం పొరపాటు. వలవలె ముడిపడిన ప్లాస్టిక్ కరుగదు. ఎసిటోన్ అందులోకి చొరబడి ఉబ్బజేస్తుంది. ఉబ్బిన పొర గోటిపై పట్టు వదలి, ముడుతలుపడి పైకి లేస్తుంది. ఇందుకు పది, పదిహేను నిమిషాల కాలం కావలెను. కథ యావత్తూ ఈ కాలం మీదనే ఆధారపడి ఉన్నది. పొర తానై లేచే దాకా ఆగినవారికి నష్టం స్వల్పము. ఆగలేనివారు లోహపు పనిముట్టుతో గీకుతారు, ఆకురాయితో అరగదీస్తారు, లేదా అంచు పట్టి ఒలిచివేస్తారు. అప్పుడు ప్లాస్టిక్ పొర ఒంటరిగా రాదు, తనకు అంటుకొన్న గోటి పైపొర చెక్కులను వెంట తెస్తుంది. తీసిన తరువాత కనబడే తెల్లని గరుకు మచ్చలు చాలా వరకు ఇట్లా చెక్కులు లేచిన చోట్లే. 2012లో అమెరికాలోని మయామీ వైద్యులు జెల్ పాలిష్ తరువాత గోళ్ళు బలహీనమైన ఐదుగురిని గురించి ప్రకటించినారు. వారిలో ఒకరి గోటిని ముందూ వెనుకా పరికరాలతో కొలువగా పలక పలుచబడినట్లు తేలినది. నష్టం జెల్ రసాయనం వలననా, తీసే పద్ధతి వలననా అన్నది ఆ కొలతలు తేల్చవు గాని, గోటి నిర్మాణం తెలిసినవారికి గీకడం మీదనే అనుమానం ముందుగా పోతుంది.

మరి ఎండిపోవడం మాటేమి? ఎసిటోన్ నీటితోను, నూనెతోను కలిసే ద్రవం. గోటి ఉపరితలం నుండి రెంటినీ లాగుకొని త్వరగా ఆవిరైపోతుంది. అందుచేత తీసిన వెంటనే గోరు సుద్ద పూసినట్లు తెల్లబడుతుంది. ఈ తెలుపు తాత్కాలికము. చేతులు కడిగి నూనె రాయగా తగ్గుతుంది. నూనె రాసినా పోని తెలుపు ఎండినది కాదు, చెక్కు లేచినది. ఇంట్లోనే చేయదగిన ఈ చిన్న పరీక్ష రెండు నష్టాలను వేరుచేస్తుంది.

గోరు పెళుసుబారడానికి నీరు తగ్గడమే కారణమని చాలాకాలం పుస్తకాలు వ్రాసినవి. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో మామూలు గోళ్ళకు, పెళుసు గోళ్ళకు నీటి పాలులో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. నీరు ఎంత ఉన్నదన్న దానికంటె అది ఎన్నిసార్లు వచ్చి పోతున్నదన్నది ముఖ్యమని మా అభిప్రాయము. మాటిమాటికి తడిసి ఆరే గోటిలో పొరలు విడిపోతవి. రోజంతా అంట్లు తోమే చేతులను చూస్తే ఇది తెలుస్తుంది. గోటి పైపొర నీటికి తలుపువంటిది. గోటి ఫంగస్ వ్యాధికి పూత మందు రాసేముందు వైద్యులు గోటి పైభాగాన్ని ఆకురాయితో గీకించేది మందు లోపలికి దిగుటకే. అదే తలుపును పాలిష్ తీసే తొందరలో ఊడగొట్టినప్పుడు నీరు, సబ్బు, ఎసిటోన్ అడ్డులేక వచ్చిపోతవి. ఎండిపోవడం గీకుడు వెంట వచ్చిన రెండవ నష్టమని అందుకే అంటున్నాము.

మన విద్యార్థినుల ఇళ్ళలో ఈ తొందరకు ఒక ప్రత్యేక కారణం కూడ ఉన్నది. నమాజుకు ముందు చేసే వజూలో నీరు గోటిని తాకవలెనని పాటించే కుటుంబాలలో, వలీమా ముగియగానే పాలిష్ తీయవలసి వస్తుంది. పార్లరుకు పోయే తీరిక ఉండదు, పళ్ళతోనో పిన్నుతోనో ఒలిచివేయడం జరుగుతుంది. వేయించుకొనే ముందే తీసే రోజును, తీసే మనిషిని నిర్ణయించుకొనడం మేలు. రోజూ తీయవలసినవారికి సాధారణ పాలిష్ గాని, గోరింటాకు గాని తగినవి. జెల్ తగినది కాదు.

ఇంట్లో తీసుకొనవలసి వస్తే, ముందుగా మెరుపు పూతను మాత్రం ఆకురాయితో తేలికగా గరుకు చేయవలెను. గోటి చుట్టూ చర్మానికి వాసెలిన్ రాసి, ఎసిటోన్‌లో తడిపిన చిన్న దూదిని గోటి మేరకే ఉంచి, అల్యూమినియం రేకు చుట్టి పదిహేను నిమిషాలు ఆగవలెను. లేచిన పొరను చెక్కపుల్లతో మెల్లగా తోయవలెను. రాని చోట బలం ఉపయోగింపక మరి ఐదు నిమిషాలు నానబెట్టవలెను. ఎసిటోన్ 56 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగుతుంది, దాని ఆవిరి సులభంగా మండుతుంది. పొయ్యి, అగరువత్తి దగ్గర, మూసిన గదిలో ఈ పని తగదు. కళాశాల ప్రయోగశాలలోని సీసా ఇందుకు ఉద్దేశింపబడినది కాదని వేరుగా చెప్పనవసరం లేదనుకొంటాము.

తరువాత చేయవలసినది సామాన్యమైన పని. గోళ్ళు పొట్టిగా కత్తిరించి, చేతులు కడిగిన ప్రతిసారీ తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని వాసెలిన్ గాని రాయవలెను. అంట్లకు, బట్టలకు చేతితొడుగులు వాడవలెను. నూనె గోటిని పెంచదు, ఉన్న దానిని కాపాడుతుంది. బయోటిన్ మాత్రలకు ప్రచారం ఎక్కువ, ఆధారం తక్కువ. అవి థైరాయిడ్, గుండె సంబంధమైన రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించినది. వాడేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను.

పలుచబడిన గోటిపై వెంటనే మళ్ళీ జెల్ వేయించి లోపాన్ని కప్పడం మాత్రం ప్రమాదకరము. జెల్‌లోని హేమా అనే మెథాక్రిలేటు, దీపపు కాంతి చాలక గట్టిపడకుండా మిగిలితే, చర్మానికి తగిలి ఎలర్జీ కలిగించవచ్చును. వ్రేళ్ళ కొనలు పగలడం, గోటి చుట్టూ దురద, గోరు కింది చర్మం నుండి విడిపోవడం దాని లక్షణాలు. ఆ ఎలర్జీ ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పంటి రంధ్రాలు పూడ్చే పదార్థాలలో, కీళ్ళ శస్త్రచికిత్సలో వాడే సిమెంటులో ఈ జాతి రసాయనాలే ఉన్నవి గనుక, ఇరవయ్యవ ఏట గోటికి పూసిన పూత అరవయ్యవ ఏట మోకాలి చికిత్సలో అడ్డు కావచ్చును. ఐరోపా సమాజం హేమా ఉన్న గోటి పూతలను వృత్తి నిపుణులే వాడవలెనని 2020 నాటి నిబంధనలో విధించినది. మన బజారులో చవుకగా దొరికే ఇంటి పెట్టెలను కొనేముందు ఈ విషయం గమనింపదగినది. కళాశాల కమిటీ పెద్దలు ఏటా ఒకసారి చర్మవైద్యురాలిని పిలిపించి విద్యార్థినులతో మాట్లాడించగలిగితే, ఇటువంటి సంగతులు పార్లరు కుర్చీలో గాక తరగతి గదిలో తెలిసే వీలుంటుంది.

బలహీనమైన ప్రతి గోటికీ పాలిష్‌నే నిందించరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం రక్తహీనత గలవారు. ఇనుము లోపించినప్పుడు కూడ గోళ్ళు పెళుసుబారి, ఒక్కొక్కప్పుడు చెంచావలె గుంటపడుతవి. పాలిష్ వాడని కాలిగోళ్ళు కూడ అట్లాగే ఉన్నా, కొత్తగా పెరిగిన భాగం కూడ పలుచగానే వస్తున్నా, ఒకే గోటిలో నల్లని గీత కనబడినా వైద్యునికి చూపవలెను. అటువంటప్పుడు గోళ్ళకు ఏ రంగూ లేకుండా వెళ్ళవలెను, ఎందుకనగా వైద్యుడు చూడవలసినది ఆ రంగు కిందనే ఉంటుంది.