శిశువులకు లెక్క వచ్చుట యెట్లు?

మా శిశుతరగతిలో చేర్చుటకై ఒక తండ్రిగారు తమ కుమారుని తీసికొనివచ్చి, "వీనికి నూఱు వఱకు లెక్క వచ్చునండీ" అని సంతోషముతో చెప్పిరి. బాలుడును చేతులు కట్టుకొని, ఊపిరి తిప్పుకొనక, ఒకటి మొదలు నూఱు వఱకు అప్పగించెను. మేము మెచ్చుకొని, బల్లమీది చింతగింజలను చూపి, "నాయనా, అందులోనుండి ఏడు గింజలు తెచ్చి యిమ్ము" అంటిమి. వాడు దోసిటినిండ తెచ్చి మా చేతిలో పోసెను. "ఇవి యేడేనా?" అని యడుగగా, గింజలపై వ్రేలు పెట్టుచు మరల మొదలుపెట్టి, కొన్నిటిని రెండుమాఱులు తాకి, కొన్నిటిని విడిచి, ఇరువది దాటిపోయెను. తండ్రిగారు చిన్నబోయిరి. చిన్నబోవలసిన పని లేదు. బాలునియందు లోపమేమియు లేదు. వానికి వచ్చినది పాట, రావలసినది లెక్క. ఈ రెంటికిని గల భేదమును గూర్చి తల్లిదండ్రులతో కొంచెము ముచ్చటింపదలచితిమి. ఏలయన, "మీ బడిలో పిల్లలు గింజలతో నాడుకొనుచున్నారే గాని పలకమీద లెక్కలు వ్రాయుట లేదు" అను మాట మాకు ఏటేట వినబడుచున్నది.

ఎంచుట యనునది పెద్దలకు ఒక్క పనిగా తోచును గాని, శిశువునకు అది పెక్కు పనుల కూడిక. గెల్మన్, గాలిస్టెల్ అను నిరువురు పండితులు 1978లో ప్రకటించిన గ్రంథములో దీనిని చక్కగా విడదీసి చూపిరి. ఒక వస్తువునకు ఒకే మాట చెప్పవలెను. మాటల వరుస మాఱరాదు. కడపటి మాట కడపటి గింజ పేరు కాదు, మొత్తము గింజల సంఖ్య యని తెలియవలెను. ఇదియే కష్టమైన మెట్టు. అయిదు గింజలను తప్పులేక ఎంచిన పిల్లను "ఎన్ని యున్నవమ్మా?" అని యడిగినచో, జవాబు చెప్పక మరల ఒకటినుండి యెంచుట మేము తఱచు చూచుచున్నాము. ఎంచుట వచ్చినది, ఎంచుట యెందుకో యింకను తెలియలేదన్న మాట. ఇక దేనినైనను ఎంచవచ్చుననియు, ఏ కొననుండి మొదలిడినను మొత్తము మాఱదనియు తెలిసికొనుట మిగిలిన రెండు మెట్లు.

మన భాషలో పిల్లలకు మఱియొక చిక్కు కలదు. మేకలు మూడు, మనుష్యులు ముగ్గురు. పలకలు నాలుగు, బాలికలు నలుగురు. ముగ్గురు పిల్లలకు మూడు లడ్డులు సరిపోవునని గ్రహించుటకు, ఈ రెండు మాటలును ఒకే సంఖ్యను చెప్పుచున్నవని శిశువు కనుగొనవలెను. మఱియు "ఇరువదియొకటి" యన్నప్పుడు ఇరువదియు ఒకటియు స్పష్టముగా వినబడుచున్నవి. "పన్నెండు", "పందొమ్మిది" యన్నప్పుడు పది అట్లు వినబడదు. కావున పదికిని ఇరువదికిని నడుమ పిల్లలు తడబడినచో కసరక, పది గింజల కుప్పయు దాని ప్రక్క విడి గింజలును పెట్టి చూపుట మంచిది.

వస్తువులతో నేర్పుట మేము కల్పించిన వింత కాదు. జర్మనీ దేశములో ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గు పట్టణమున శిశువులకు ఆటల బడి పెట్టి, 1840లో దానికి పిల్లల తోట యను నర్థముగల కిండర్‌గార్టెన్ అను పేరిడెను. ఆయన పిల్లలకిచ్చిన "కానుకల"లో మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు కొయ్య ఘనము. దానిని రెండుగా విడదీసి, నాలుగుగా విడదీసి, మరల ఒకటిగా కూర్చు శిశువు అర, పాతిక యను పేర్లు వినకమునుపే భిన్నములను చేతితో నెఱుగును. 1907లో రోము నగరమున శిశుగృహమును తెఱచిన మాంటిసోరీ గారు పది కొయ్య కడ్డీలు చేయించిరి. చిన్నది పది సెంటీమీటర్లు, పెద్దది ఒక మీటరు. ఈమె 1939లో చెన్నపట్టణమునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చిరి. కదుళ్ల నెంచి గదులలో వేయు పెట్టె యొకటి యామె సాధనములలో నున్నది. అందు సున్న గది యెప్పుడును ఖాళీయే. మేము తరగతిలో "సున్న గింజలు తెమ్ము" అందుము. మొదటి దినమున ప్రతి పిల్లయు ఏదో యొకటి తెచ్చును. తరువాత నొకరు వట్టిచేతులతో వచ్చి నవ్వుదురు. ఆనాడు సున్న పాఠము ముగిసినదే.

తర్కమునకు గుండీలు చాలును. "ఎఱ్ఱనివి వేఱు చేయుము" అనుట సులభము. "ఎఱ్ఱనివి కానివి" యన్నచో ఆలోచింపవలెను. "ఎఱ్ఱనివి, కాని పెద్దవి కావు" అన్నచో పెద్దలును ఒక క్షణ మాగుదురు. రెండు తెల్లపూసలు, ఒక నల్లపూస చొప్పున దండ గ్రుచ్చి, తరువాత ఏ పూస రావలెనో అడుగుట, గిన్నెలను పరిమాణము ననుసరించి పేర్చుట ఈ జాతి పనులే.

ఇచ్చట పెద్దలకొక హెచ్చరిక. స్విట్జర్లాండు పండితుడగు పియాజే 1941లో ప్రకటించిన గ్రంథములో ఒక పరీక్షను వివరించెను. సమానమైన రెండు వరుసలు పేర్చి, ఒకదానిని ఎడముగా జరిపినచో, పొడవైన వరుసలోనే యెక్కువ యున్నవని చిన్నపిల్లలు చెప్పుదురు. కాని 1974లో మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనువారు ఒక బొమ్మ యెలుగుబంటి అల్లరిచేసి వరుసను చెఱిపినట్లు నటించి యడుగగా, చాలమంది పిల్లలు సరిగా చెప్పిరి. పెద్దవారు తామే వరుసను కదిపి అదే ప్రశ్నను మరల నడిగినచో, తన మొదటి జవాబు తప్పేమో యని శిశువు తలచుట సహజమే కదా! మేమును ఈ తప్పు చేసితిమి. సరియైన జవాబు చెప్పిన పిల్లను "బాగుగ చూచి చెప్పు" అని గద్దించి, తప్పు చెప్పించితిమి. ఇప్పుడు "నీ కెట్లు తెలిసినది?" అని మాత్రమే యడుగుచున్నాము, జవాబు సరియైనను కాకపోయినను.

ఇంటిలో చేయదగినవి మీ చేతిలోనే యున్నవి. భోజనమువేళ మనిషికొక కంచము చొప్పున పిల్లచేత పెట్టింపుడు. అవ్వగారితో అష్టాచెమ్మా ఆడనిండు. వెల్లకిల పడిన గవ్వలను ఎంచకయే మూడని చూపుతో చెప్పుట అచ్చటనే అలవడును. వామనగుంటలును మంచివే, కాని మూడేండ్లలోపు పిల్లలకు గింజలు అందనీయవలదు. నోటిలోను ముక్కులోను పెట్టుకొందురు.

ఆ బాలుడు రెండు నెలలకు ఏడు గింజలు తెచ్చి యిచ్చెను. "ఇంకొకటి యిచ్చినచో ఎనిమిది యగును, ఈయనా?" అని వాడే అడిగెను. చింతపండు గింజ తీయుదినములలో గింజలను పాఱవేయక మా తరగతికి పంపవలెనని తల్లులను వేడుకొనుచున్నాము. మా గింజలు పిల్లల జేబులలో దినదినము మీ యిండ్లకే చేరుచున్నవి.