మాగిన సోయాగింజలు: జపానువారి నత్తో

జపాను దేశస్థులు ఉదయమున వేడి అన్నముతో కలిపికొని తిను ఆహారములలో ‘నత్తో’ యనునది ప్రసిద్ధమైనది. ఇది సోయా చిక్కుడు గింజలను ఉడికించి మాగబెట్టగా తయారగు పదార్థము. గోధుమవన్నె కలిగియుండును. కదిపినచో సన్నని జిగురు తీగలు సాగును. వాసన ఘాటైనది. జపానులో సయితము మీతో పట్టణమువంటి తూర్పు ప్రాంతములవారు దీనిని ప్రీతితో తిందురు గాని, ఒసాకా మున్నగు పశ్చిమ ప్రాంతములవారిలో పలువురు దీనికి దూరముగా నుందురు. కావున మొదటిసారి చూచిన తెలుగువాడు ముక్కు మూసికొనినచో తప్పుపట్ట నక్కరలేదు.

తయారుచేయు విధము కష్టమైనది కాదు. గింజలను రాత్రియంతయు నానబెట్టి, మెత్తగా ఆవిరిపై ఉడికించి, వేడిమీద నుండగనే ‘బాసిల్లస్ సబ్టిలిస్’ అను సూక్ష్మజీవి బీజములను కలిపి, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనమున ఒక దినము ఉంచెదరు. పిమ్మట చల్లని చోట మరికొంత కాలము ఉంచెదరు. పూర్వకాలమున బీజములను వేరుగా కలుపు పని లేకుండెను. ఉడికిన గింజలను వరిగడ్డిలో చుట్టిపెట్టగా, గడ్డిని అంటియుండు సూక్ష్మజీవియే ఆ పని చేసెడిది.

ఇచ్చట మాటను గురించి ఒక మాట. ఇడ్లీపిండి, పెరుగు, చద్దియన్నము మొదలగువానిని మనము పులియబెట్టుదుము. వానిలో ఆమ్లము పుట్టి పులుపు కలుగును. నత్తోలో పులుపు పుట్టదు. క్షారగుణము కలిగి, కొంచెము నవాసారపు వాసన వచ్చును. కావున దీనిని ‘పులిసిన’ ఆహార మనుటకంటె ‘మాగిన’ ఆహార మనుట సమంజసమని తోచుచున్నది. మామిడికాయలను గడ్డిలో మాగవేయుట ఎరిగిన మనకు ఆ మాట తేలికగా బోధపడును.

100 గ్రాముల నత్తోలో 16 మొదలు 19 గ్రాములవరకు మాంసకృత్తులు గలవు. పీచుపదార్థము, ఇనుము, సున్నము కూడ గలవు. ఇవి ఇతర పప్పుధాన్యములలోను లభించునవే. నత్తో ప్రత్యేకత ‘కె’ విటమినులో నున్నది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ కనుగొన్న ఈ విటమిను రక్తము గడ్డకట్టుటకు అవసరమైనది. ఆ కృషికి ఆయనకు ఎడ్వర్డ్ డోయిసీతో పాటు 1943 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఎముకలలో సున్నము కుదురుకొనుటకు తోడ్పడు మాంసకృత్తు కూడ ఈ విటమిను లేనిదే సరిగా పనిచేయజాలదు. ఆకుకూరలలో నుండునది ‘కె-1’. నత్తోలోని సూక్ష్మజీవి తయారుచేయునది ‘కె-2’ జాతికి చెందినది; ఇది రక్తములో ఎక్కువ కాలము నిలుచును. ఇంత సమృద్ధిగా ‘కె-2’ గల ఆహారము మరియొకటి అరుదు. అయితే శాకాహారులకు కొరతపడు ‘బి-12’ విటమిను నత్తోలో లేదనియే చెప్పవలెను. దానికొరకు పాలు, పెరుగు, లేక వైద్యుడు చెప్పిన మాత్రలను ఆశ్రయింపవలసినదే.

నత్తో ఎక్కువగా తిను ప్రాంతములలో స్త్రీలకు తుంటియెముక విరుగుట తక్కువగా నున్నదని 2001లో జపాను పరిశోధకులు ప్రకటించిరి. 45 మొదలు 74 ఏండ్ల వయస్సుగల 92,915 మందిని సుమారు 15 ఏండ్లు గమనించిన ఫలితములు 2020లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వెలువడినవి. నత్తో, మిసో వంటి మాగిన సోయా పదార్థములను ఎక్కువగా తినినవారిలో మరణముల ముప్పు, తక్కువగా తినినవారికంటె నూటికి 10 వంతులు తక్కువగా కనబడెను. ఇది సంబంధమును చూపునే గాని నత్తోయే కారణమని రుజువు చేయదు. నత్తో తినువారు కూరగాయలు కూడ ఎక్కువగా తినువారై యుండవచ్చును గదా!

మరియొక సంగతి మిక్కిలి జాగ్రత్తగా గమనింపదగినది. గుండె కవాటములు మార్పించుకొనినవారును, రక్తము గడ్డలు కట్టు జబ్బు గలవారును ‘వార్ఫరిన్’ అను మందు వాడుచుందురు. ఆ మందు ‘కె’ విటమిను పనిని అడ్డుకొనుటచేతనే రక్తమును పలుచగా నుంచును. అట్టివారు ఒక్క పూట నత్తో తినినను మందు బలము కొన్ని దినములవరకు తగ్గి, కవాటముపై రక్తపుగడ్డ ఏర్పడవచ్చును. కావున వారు నత్తోను పూర్తిగా మానవలెను. తోటకూర, పాలకూర, మునగాకు మానవలసిన పనిలేదు. దినదినము ఇంచుమించు ఒకే పరిమాణమున తినుచు, రక్తపరీక్షను వైద్యుడు చెప్పిన గడువునకు చేయించుకొనవలెను.

నత్తోలో ‘నత్తోకైనేజ్’ అను పదార్థమును హిరోయుకి సుమి అను జపాను శాస్త్రజ్ఞుడు 1980 దశకమున వెల్లడించెను. పరీక్షపాత్రలో ఇది రక్తపుగడ్డను కరగించును. ఈ మాటను పట్టుకొని గొట్టముమాత్రలు అమ్ముచున్నారు. అమెరికాలో 265 మందికి ఇంచుమించు 3 ఏండ్లు ఇచ్చి చూడగా రక్తనాళములు గట్టిపడుట ఏమియు తగ్గలేదని 2021లో తేలినది. పక్షవాతము వచ్చినవారు, రక్తము పలుచనచేయు మందులు వాడువారు ప్రకటనలు చూచి వీనిని కొనరాదు.

సూరత్ నగరమున లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారి కుటుంబములు వేలకొలది గలవు. మరమగ్గము చెంత పగలనక రాత్రియనక నిలుచువానికి అన్నము, పచ్చడితోనే పూట గడచినచో కండబలము నిలువదు. వారికి నత్తో అందుబాటులోనిది కాదు. సోయా మాత్రము అందుబాటులోనిదే. గుజరాతునకు సోయా క్రొత్తదియు కాదు. సూరత్ పొరుగుననున్న నవసారి అప్పుడు బరోడా సంస్థానములోనిది. ఆ సంస్థానపు ఆహారశాఖకు చెందిన ఎఫ్. ఎస్. కాలే 1930 దశకముననే సోయాపై పెద్ద గ్రంథము వ్రాసెను. 1935లో గాంధీమహాత్ముడు వార్ధాలోని మగన్‌వాడీలో సోయాను ఆహారముగా పరీక్షించి, హరిజన పత్రికలో దానిని గురించి వ్రాసెను. ఇక నత్తో దాయాదులు మన దేశముననే గలవు: సిక్కిములో కినెమా, మణిపురములో హవాయ్‌జార్, నాగాలాండులో అఖుని, మేఘాలయమున తుంగ్రింబాయి. ఇవన్నియు ఆ సూక్ష్మజీవి జాతిచేతనే మాగునవి.

సూరత్ ఎండ తగినంత వేడిగా నున్నదిగదా యని ఉడికిన గింజలను ఇంటిలో ఊరక మూతవేసి ఉంచి నత్తో చేయబూనుట ప్రమాదము. ఏ సూక్ష్మజీవి పెరిగినదో కంటికి తెలియదు. వాంతులు, విరేచనములు కలిగించునవి కూడ ఆ వెచ్చదనముననే పెరుగును.

సోయాగింజలను పచ్చిగా గాని సగము ఉడికినవిగా గాని తినరాదు; మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థము వానిలో నున్నది. రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేళ్ళతో నొక్కిన చితికిపోవునంతవరకు కుక్కరులో ఉడికింపవలెను. ‘మీల్ మేకర్’ అని మనవా రనునది నూనె తీసిన సోయాపిండితో చేసినదే, కూరకు పనికివచ్చును. థైరాయిడు మాత్ర వేసికొనువారు మాత్రకును సోయా ఆహారమునకును నడుమ కొన్ని గంటల ఎడము పాటింపవలెను.

ఇడ్లీకి పోయు మినపపప్పులో నాలుగవ వంతునకు బదులు, నానబెట్టి మరిగించి పొట్టుతీసిన సోయాగింజలను రుబ్బి కలుపవచ్చును. సూరత్‌వారి ఖమణ్, ఇదడా కూడ పప్పు రుబ్బి పులియబెట్టి ఆవిరిపై ఉడికించునవే. ధాన్యములోని ఇనుమును ఒంటబట్టనీయని పదార్థము పులియుటచే తగ్గును. సోడా వేసి అప్పటికప్పుడు పొంగించిన పిండిలో ఆ గుణము ఉండదు. కొనునప్పుడు అడిగి తెలిసికొనుట మంచిది. వైశాఖమాసమున సూరత్‌లో పిండి రాత్రియంతయు బయట నుండిన మితిమీరి పులియును. వేసవిలో ప్రొద్దుగూకిన పిమ్మట ఆలస్యముగా రుబ్బి, తెల్లవారగనే ఉడికించుకొనవలెను.