రెండవ విమానం

ఆకాశంలో ఎగిరే పక్షిని చూచి ఒక్కసారైనా అసూయ పడని మానవుడు ఉండడు. ఆ అసూయ కాలక్రమాన ఆలోచనగా, ఆలోచన ఆటబొమ్మగా, ఆటబొమ్మ విమానంగా పరిణమించింది. 1871లో అల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలిపెట్టిన రబ్బరు పట్టీతో నడిచే చిన్న విమానాన్ని పారిస్ నగరంలోని ఒక ఉద్యానవనంలో ఎగురవేశాడు. అది సుమారు 40 మీటర్ల దూరం పయనించింది. 1878లో అమెరికాలో ఒక మతాచార్యుడు పెనో పద్ధతిలో రూపొందిన ఎగిరే బొమ్మ నొకదానిని ఇంటికి తెచ్చాడు. అతని కుమారులిద్దరూ దానితో ఆడి ఆడి విరగ్గొట్టారు. విరిగిన పిమ్మట అటువంటిదానిని తామే తయారుచేసుకొన్నారు. ఆ బాలురే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. నేలమీద నిలిచి రేడియో తరంగాల ద్వారా విమానాన్ని నడిపే విద్యకు ఆద్యులుగా కీర్తి పొందినవారు వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు. వారు 1937లో ఎగురవేసిన ‘గఫ్’ అనే నమూనా విమానం అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వైమానిక ప్రదర్శనశాలకు చేరింది.

నాటి నుండి నేటి వరకు ఈ విద్యను అభ్యసించే ప్రతివానికీ మొదటి విమానం విషయంలో సలహాలకు కొదవ లేదు. తొలి విమానంగా ‘ట్రైనర్’ను, అనగా శిక్షణ విమానాన్ని మాత్రమే తీసుకోవలెనని అందరూ ఏకకంఠంగా చెబుతారు. చిక్కంతా రెండవ విమానం దగ్గరనే వస్తుంది. అక్కడ సలహాదారులు వేరు వేరు దారులు చూపుతారు. అభ్యాసకుని మనస్సు అప్పటికే మరొక దారి పట్టి ఉంటుంది.

రెండవదానిని ఎన్నుకొనే ముందు మొదటిది చేసిన మేలు ఏమిటో గ్రహించడం అవసరం. ట్రైనర్ రెక్క దేహానికి పైభాగాన అమరి ఉంటుంది. రెక్క రెండు కొనలూ కొద్దిగా పైకి లేచి, ముందునుండి చూస్తే విశాలమైన ఆంగ్ల ‘వి’ అక్షరంలా కనిపిస్తాయి. దీనిని డైహెడ్రల్ అంటారు. గాలి తాకిడికి ఒక ప్రక్క రెక్క క్రిందికి వాలితే, విమానం ఆ ప్రక్కకే జారుతుంది. అలా జారేటప్పుడు వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగులుతుంది. దానిమీద పైకెత్తే బలం పెరుగుతుంది. విమానం తిరిగి సమతలానికి వస్తుంది. రెక్క అడుగుభాగం చదునుగా ఉండడం వలన తక్కువ వేగంలోనూ తగినంత బలం లభిస్తుంది. కంగారుపడిన విద్యార్థి మీటల మీద నుండి వ్రేళ్లు తీసివేసినా, తగినంత ఎత్తు ఉన్నప్పుడు విమానం తనంతట తానే సర్దుకొంటుంది.

ఈ సద్గుణంలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. ఇరవై ముప్పై పర్యాయాలు క్షేమంగా దిగిన తరువాత విద్యార్థికి తాను నేర్పరినైనానన్న భావం కలుగుతుంది. ఆ నేర్పులో సగం విమానానిదేనన్న సంగతి అతనికి స్ఫురించదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ బొమ్మను గోడకు అంటించుకొన్న ఒక జూనియర్ కళాశాల విద్యార్థిని ఊహించవచ్చు. ఎన్.సి.సి. వాయు విభాగంలో చేరి నమూనా విమానాల తయారీ మొదటిసారి చూచినవాడు. ఏడాదిపాటు దాచిన ఉపకారవేతనంతో ట్రైనర్ కొన్నాడు. రెండు నెలలలో దానిని చక్కగా దించడం నేర్చుకొన్నాడు. మరుసటి ఏడాది సొమ్ముకు ఇంట్లో అడిగి తెచ్చినది కొంత కలిపి స్పిట్‌ఫైర్ నమూనా తెప్పించాడు. ఆరు వారాలు కూర్చొని అమర్చాడు. అది చక్కగానే పైకి లేచింది. నాలుగు నిమిషాలు అద్భుతంగా ఎగిరింది. దిగడానికి తిప్పిన చివరి మలుపులో లోపలి రెక్క ఒక్కసారిగా పడిపోయి, విమానం బోర్లపడి, ముక్కు నేలకు గుచ్చుకొన్నది. రేడియోలో లోపం లేదు, మోటారులో లోపం లేదు. జరిగినదానిని భౌతికశాస్త్రం కొద్ది లెక్కలతో చెప్పగలదు.

విమానం బరువును రెక్క వైశాల్యంతో భాగిస్తే వచ్చేది రెక్క మీది భారం. అతని ట్రైనర్ బరువు 2.4 కిలోగ్రాములు, రెక్క వైశాల్యం 45 చదరపు డెసిమీటర్లు అనుకొంటే, ఒక్కొక్క చదరపు డెసిమీటరు సుమారు 53 గ్రాములు మోస్తున్నది. యుద్ధవిమాన నమూనా బరువు 2.8 కిలోగ్రాములు, వైశాల్యం 32 చదరపు డెసిమీటర్లు అనుకొంటే, ఆ భారం 87 గ్రాములు దాటుతుంది. ఏ వేగం కంటె తగ్గితే రెక్క విమానాన్ని మోయలేక ‘స్టాల్’ అవుతుందో, ఆ కనీస వేగం ఈ భారపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ లెక్కన ట్రైనర్‌కు గంటకు సుమారు 31 కిలోమీటర్ల వేగం చాలుతుండగా, రెండవదానికి 39 కిలోమీటర్లు కావాలి. ఎనిమిది కిలోమీటర్ల తేడాయే కదా అనిపించవచ్చు. కాని మలుపులో విమానం 60 డిగ్రీలు ఒరిగితే రెక్క మీది భారం రెట్టింపవుతుంది. కనీస వేగం 1.41 రెట్లవుతుంది. అప్పుడు ట్రైనర్‌కు 44, యుద్ధవిమానానికి 55 కిలోమీటర్లు అవసరం. విద్యార్థి వ్రేళ్లకు అలవాటైన వేగం ట్రైనర్‌ది. అతడు ఆ వేగానికే తగ్గించాడు, మలుపు సరిపోక ఎలివేటర్ మీటను మరికొంత లాగాడు, రెక్క చేతులెత్తేసింది. నేలను తాకేటప్పటి గతిజశక్తి వేగవర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, దెబ్బ కూడా దాదాపు రెట్టింపైంది.

కొనలకు పోనుపోను సన్నబడే రెక్కలకు మరొక బలహీనత ఉన్నది. చిన్న నమూనాలలో వెడల్పు తక్కువైన రెక్క కొన, వెడల్పైన మొదలు కంటె ముందుగా స్టాల్ కావచ్చు. మొదలు ముందు స్టాల్ అయితే విమానం ముక్కు దించి హెచ్చరిస్తుంది. కొన ముందు స్టాల్ అయితే హెచ్చరిక లేదు, ప్రక్కకు తిరగబడడమే. చూడడానికి అందమైన రెక్కకూ నేర్చుకొనేవానికి అనువైన రెక్కకూ అందుకే తరచుగా పొత్తు కుదరదు. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్లు’ అన్న సామెతను నమూనా విమానాల మైదానంలో ఎవరో ఒకరు ప్రతి ఆదివారమూ గుర్తుచేస్తూనే ఉంటారు.

అసలైన స్పిట్‌ఫైర్‌ను నడిపినవారు సైతం మొదట టైగర్ మాత్ అనే నెమ్మదైన ద్విపక్ష విమానం మీద, ఆ తరువాత హార్వర్డ్ వంటి మధ్యమ శిక్షణ విమానం మీద చేయి తిప్పుకొన్నవారే. హైదరాబాదు చేరువలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఆవరణపై ఎగిరే విమానాలను చూచేవారికి ఈ మెట్ల క్రమం కొత్త కాదు. 2013లో అక్కడ ప్రవేశించిన పిలాటస్ పి.సి.-7 మార్క్-2 తొలి మెట్టు. 2008లో వైమానిక దళంలో చేరిన హాక్ విమానం మీద బీదర్‌లో ఇచ్చే శిక్షణ పై మెట్టు. నడిమి మెట్టుగా స్వదేశీ కిరణ్ విమానం దశాబ్దాల పాటు సేవ చేసింది. కోట్ల రూపాయల యంత్రాన్ని అప్పగించే ముందు ప్రభుత్వమే ఒక నడిమి మెట్టు కట్టుకొన్నప్పుడు, ఉపకారవేతనంతో కొనేవానికి ఆ మెట్టు మరింత అవసరం.

నమూనా విమానాలలో ఆ నడిమి మెట్టుకు పనికివచ్చేవి ముఖ్యంగా రెండు తెగలు. ఒకటి రెక్క దేహానికి అడుగున అమరిన క్రీడా విమానం. అందులో డైహెడ్రల్ స్వల్పం. రెక్క అడుగుభాగం కూడా కొంత ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండవది ‘స్టిక్’ అని పేరు పొందిన తెగ. 1967లో రేడియో నియంత్రిత విన్యాసాలలో ప్రపంచ విజేతగా నిలిచిన ఫిల్ క్రాఫ్ట్ రూపొందించిన ‘అగ్లీ స్టిక్’ దీనికి మూలం. ఆ పేరుకు కురూపి కర్ర అని అర్థం! పేరుకు తగినట్లే పెట్టె వంటి దేహం, పలక వంటి రెక్క. రెక్క వెడల్పు మొదటి నుండి చివరి వరకు ఒకే తీరు కనుక కొన ముందుగా స్టాల్ కాదు. రెక్క మీది భారం ట్రైనర్‌కు దగ్గరగానే ఉంటుంది. విరిగితే అతికించడం సులభం. కాని అది తనంతట తాను సర్దుకోదు. ఎడమకు ఒరిగించి వదిలితే ఎడమకే ఒరిగి ఉంటుంది. నడిపేవాడు తిరిగి కుడికి మీట నెట్టవలసిందే. రెండవ విమానం నేర్పవలసిన అసలు పాఠం ఇదే. వేగం దాని తరువాతి మాట.

ఎవరు ఏ ట్రైనర్ మీద నేర్చుకొన్నారన్నది కూడా ఎంపికను నిర్ణయిస్తుంది. రడ్డర్, ఎలివేటర్, థ్రాటిల్ మాత్రమే ఉన్న మూడు చానళ్ల విమానం మీద నేర్చినవాడు ఇంకా ఏలరాన్‌లను ఎరుగడు. రెక్క వెనుక అంచున ఒకటి లేస్తే ఒకటి దిగే ఈ పలకలే విమానాన్ని నేరుగా ఒరిగిస్తాయి. అటువంటివానికి ఏలరాన్‌లు గల నాలుగు చానళ్ల ట్రైనరే తగిన రెండవ విమానం. చూపరులకు అది పాతదానివలెనే కనిపించి చిన్నతనంగా తోచవచ్చు. చూపరులు దానిని నడపరు, బాగుచేయరు. వారి మాట లెక్కకు రాదు.

విమానం దేనితో నిర్మితమైనదన్నది తరువాతి ప్రశ్న. బాల్సా కర్ర మిక్కిలి తేలిక. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్రను చేత పట్టినవారు ఆ తేలికదనాన్ని కొంత ఊహించగలరు, చెట్లు మాత్రం వేరు. బాల్సా విమానం బిగువుగా, కచ్చితంగా ఎగురుతుంది; విరిగితే మరమ్మతుకు సాయంత్రాలు ఖర్చవుతాయి. ఫోమ్ విమానం అంత సొగసుగా ఎగరకపోయినా పడినప్పుడు చాలావరకు నిలుస్తుంది, జిగురుతో గంటలో సిద్ధమవుతుంది. రెండవ విమానం ఎలాగూ కొన్నిసార్లు పడుతుంది కనుక, తక్కువ సొమ్ము గలవానికి ఫోమ్ పక్షానే న్యాయం ఉన్నది.

శక్తి విషయానికి వస్తే, పూర్వం ఈ క్రీడ అంతా గ్లో ఇంజన్ల మీద నడిచింది. మిథనాల్, కొంత నైట్రోమీథేన్, కందెనగా ఆముదమో కృత్రిమ నూనెయో కలిపిన ఇంధనం అది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలలో పండే ఆముదాలకూ ఆకాశంలో గిరికీలు కొట్టే బుల్లి విమానానికీ చుట్టరికం ఉండడం వింతగొలిపే విషయం. ఇప్పుడు విద్యుత్ మోటారు, లిథియం పాలిమర్ బ్యాటరీ సులభమైన మార్గం. ఒక్కొక్క సెల్ నామమాత్రపు వోల్టేజి 3.7, నిండినప్పుడు 4.2. మూడు సెల్‌ల బ్యాటరీ 11.1 వోల్టులదని పిలువబడుతుంది. ట్రైనర్ బ్యాటరీలే రెండవదానికీ సరిపోయేటట్లు చూచుకొంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. ఉబ్బిన బ్యాటరీని వాడరాదు. చార్జింగులో పెట్టి ఇల్లు విడిచి పోరాదు. అది నిప్పు పుట్టించగలదు.

కొనడం కంటె ముందు ట్రైనర్ మీదనే పూర్తిచేయవలసిన పని కొంత ఉన్నది. కుడి నుండీ ఎడమ నుండీ దిగగలగాలి. మోటారు ఆపివేసి, తిరిగి ప్రాణం పోయకుండా, మైదానంలోనే దించగలగాలి. విమానం తనకు ఎదురుగా వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారైనట్లు తోచే భ్రమను జయించాలి. ఇవి రానివాడు ఎంత మంచి విమానం కొన్నా ప్రయోజనం లేదు. గాలి మందంగా ఉన్న ఉదయవేళ, అనుభవజ్ఞుడొకడు ప్రక్కన నిలువగా, కొత్త విమానాన్ని బాగా పైకి తీసుకొనిపోయి, థ్రాటిల్ తగ్గించి, కావాలనే స్టాల్ చేయించి, అది ఏ వేగంలో, ఏ ప్రక్కకు పడుతుందో చూడాలి. నేలకు దూరంగా నేర్చిన ఈ ఒక్క విషయం నేల దగ్గర విమానాన్ని కాపాడుతుంది. గురుత్వ కేంద్రం సాధారణంగా రెక్క వెడల్పులో ముందు అంచు నుండి నాలుగో వంతుకూ మూడో వంతుకూ నడుమ ఉండాలి. తోక బరువైన విమానం తొలిసారి ఎగిరి, రెండవసారి ఎగరకపోవడమే ఎక్కువ.

ఎగురవేసే చోటు గురించి కూడా తెలిసి ఉండాలి. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళి 25 కిలోగ్రాములకు మించక, విద్యకో వినోదానికో కంటిచూపు మేరలో నడిపే నమూనా విమానాలను ప్రత్యేక తెగగా గుర్తించింది. విమానాశ్రయాలు, సైనిక స్థావరాల పరిసరాలలోని నిషేధ, నియంత్రిత మండలాలు ఆ నియమావళి ప్రకారం రూపొందిన గగనతల పటంలో కనిపిస్తాయి. దుండిగల్, బేగంపేట, హకీంపేట, శంషాబాదు అన్నీ చుట్టూ ఉన్న హైదరాబాదులో, పటం చూడకుండా మైదానాన్ని ఎంచుకోవడం తగదు.

ఇక ఆ విద్యార్థి సంగతి. స్పిట్‌ఫైర్ దేహం పనికిరాకపోయినా మోటారు, రెండు సర్వోలు, రేడియో రిసీవర్ మిగిలాయి. ప్రక్కకు పెట్టిన ట్రైనర్‌ను అమ్మివేయకపోవడం అతని అదృష్టం. మూడు నెలలపాటు దానిమీదనే ఎడమ చేతివైపు మలుపులూ మోటారు ఆపి దిగడాలూ సాధన చేశాడు. ఆ మోటారునూ సర్వోలనూ అమర్చి స్టిక్ తెగకు చెందిన ఒక ఫోమ్ విమానాన్ని సిద్ధం చేసుకొన్నాడు. మొదటి రోజు దానిని మూడు పర్యాయాలు ఎత్తున స్టాల్ చేయించాడు; మూడుసార్లూ ముక్కు తిన్నగా దించింది. చివరి మలుపును వెడల్పుగా తిప్పి, కొంచెం వేగం ఎక్కువే ఉంచి దించాడు. విమానం రెండుసార్లు ఎగిరెగిరి పడి, గడ్డిలో కొంత దూరం పోయి ఆగింది. ప్రొపెల్లర్ అంచు కాస్త చెక్కుకుపోయింది. అతడు దానిని మార్చి, బ్యాటరీ వోల్టేజి చూచి, మళ్లీ ఎగురవేశాడు.