నత్తి: మెదడు, అభ్యసనం

డోన్ జంక్షన్ టికెట్ కౌంటర్ దగ్గర నిలబడిన కుర్రాడికి తాను వెళ్లాల్సింది గుత్తికని బాగా తెలుసు. కానీ "గు... గు..." దగ్గరే మాట బిగుసుకుపోతుంది. నత్తి అంటే ఇదే. తెలివికి దీనితో సంబంధం లేదు. టెట్, డీఎస్సీ అభ్యర్థులు ముందు గుర్తుంచుకోవాల్సిన అంశమిది.

నత్తి సాధారణంగా 2-5 ఏళ్ల మధ్య మొదలవుతుంది. దాదాపు 5 శాతం పిల్లల్లో కనిపిస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. పెద్దల్లో మిగిలేది 1 శాతం, వారిలో మగవారే ఎక్కువ.

మాటను కూర్చే బ్రోకా ప్రాంతం చాలామందికి ఎడమ మెదడులో ఉంటుంది. నత్తి ఉన్నవారిలో అక్కడి నాడీ మార్గాల అమరికలో తేడాలుంటాయి. మాట మొదలయ్యే వేళను సరిచూసే బేసల్ గాంగ్లియాకూ ఇందులో పాత్ర ఉంది. పాడేటప్పుడు, నలుగురితో కలిసి చదివేటప్పుడు నత్తి బాగా తగ్గడం విశేషం. 2010లో జీఎన్‌పీటీఏబీ జన్యువుతో దీనికి సంబంధం బయటపడింది.

మరి అభ్యసనం మాటేమిటి? ఎదుటివారి మాటల వల్ల నత్తి అలవడుతుందా? 1939లో అమెరికాలోని అయోవాలో వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో మేరీ ట్యూడర్ అనాథ పిల్లలపై ప్రయోగం చేశారు. మాట బాగున్న పిల్లలకే "నీకు నత్తి వస్తోంది" అని పదేపదే చెప్పారు. వాళ్లు నోరు విప్పడానికే జంకారు. ఇది దారుణం. అయోవా విశ్వవిద్యాలయం 2001లో క్షమాపణ చెప్పింది.

మన ఇళ్లలో నాలుకకు వస రాస్తారు. అది నత్తిని పోగొడుతుందనడానికి ఆధారం లేదు. స్పీచ్ థెరపీ మేలు చేస్తుంది. ఈ రంగంలో ప్రధాన సంస్థ మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ (ఐష్), స్థాపన 1965. అంతర్జాతీయ నత్తి అవగాహన దినం అక్టోబరు 22.

రేపు బడిలో చేరే ఉపాధ్యాయులారా, నత్తి ఉన్న పిల్లాడి వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి, వాణ్నే చెప్పనివ్వండి.