తూటా చెప్పే సాక్ష్యం

మా తాత దగ్గర ఒక చిన్న ఇత్తడి గొట్టం ఉంది. చిన్నప్పుడు దాన్ని పెదవికి ఆనించి ఈలలాగ ఊదేదాన్ని. అది కాల్చేసిన తూటా అని ఈ మధ్యనే తెలిసింది. సైన్సు గదిలో భూతద్దం పెట్టి చూసేను. అడుగున మధ్యలో చిన్న గుంట, చుట్టూ కె.ఎఫ్. అనే అక్షరాలు, 65 అనే అంకె ఉన్నాయి. సార్‌ని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ట్రిగ్గర్ నొక్కితే తుపాకిలోని పిన్ను తూటా అడుగున కొడుతుంది. లోపలి మందు అంటుకొని గుండు దూసుకుపోతుంది, గొట్టం మిగిలిపోతుంది. ఆ గుంట పిన్ను వేసిన ముద్రే. ఒక తుపాకి ముద్ర ఇంకోదానిలాగ ఉండదు, మన వేలిముద్రల్లాగే అన్నమాట. కె.ఎఫ్. అంటే పూనా దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ. 65 అంటే తయారైన సంవత్సరం, కాల్చిన సంవత్సరం కాదు.

రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులు చెక్కి ఉంటాయి. వాటివల్ల గుండు బొంగరంలాగ తిరుగుతూ తిన్నగా పోతుంది. పోలీసులు చాలాకాలం వాడిన త్రీ నాట్ త్రీలో మామూలుగా 5 గాడులు, అవి ఎడమవైపు తిరుగుతాయి. గాడులు లెక్కపెడితే తుపాకి రకం తెలుస్తుంది. అచ్చంగా ఏ తుపాకో తెలియాలంటే దాన్ని నీళ్లతొట్టిలోకి కాల్చి, ఆ గుండునీ దొరికిన గుండునీ జంట మైక్రోస్కోపులో పక్కపక్కన పెట్టి సన్నగీతలు పోల్చాలి. అమెరికాలో 1920ల నుంచి ఇలా చేస్తున్నారు.

పన్నెండు బోరు తుపాకి గొట్టం నున్నగా ఉంటుంది. పౌను సీసాన్ని 12 సమానమైన ఉండలు చేస్తే ఒక ఉండ దాని గొట్టంలో సరిపోతుంది, అందుకే ఆ పేరు. రవ్వల మీద గీతలు పడవు, కాబట్టి రవ్వని బట్టి తుపాకిని పట్టలేరు. రవ్వలు ఎంత చెదిరేయో చూసి ఎంత దూరంనుంచి కాల్చేరో అంచనా వేస్తారు. ఇక్కడ కూడా ఖాళీ తూటా దొరికితేనే మేలు. మన కొండల్లో వేటకి వాడే నాటు తుపాకికి ఆ తూటా కూడా ఉండదు. మందు, పేలికలు, సీసం ముక్కలు మూతినుంచి దట్టించడమే. అన్నిటికన్నా కష్టం ఇదే.

1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్చితే కోరన్న, మంగన్న అనే గిరిజనులు చనిపోయేరు. అది అప్పుడు మన శ్రీకాకుళం జిల్లాయే, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ముద్దాయిల్ని కోర్టు వదిలేసింది. మన జలంత్రకోటకి దగ్గర్లో సోంపేటలో 2010 జులై 14న థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయేయి. తుపాకి ఏదో మైక్రోస్కోపు చెప్తుంది గానీ ట్రిగ్గర్ మీద ఎవరి వేలు ఉందో చెప్పదు. అది చూసినవాళ్లే చెప్పాలి.

ఎక్కడైనా ఖాళీ తూటా కనిపిస్తే నాలాగ ఊదకండి, ముట్టుకోకండి. ఎక్కడ పడిందో ఆ చోటు కూడా సాక్ష్యమే.

తాతని ఆ గొట్టం ఎక్కడిదని అడిగేను. కొండమీద దొరికిందన్నాడు. ఎప్పుడు అంటే మాట్లాడలేదు.