పాత కారుకు క్రొత్త బ్రేకులు

వాహనమునకు వేగము శోభనిచ్చును, బ్రేకు రక్షణనిచ్చును. కారును చూచినవారు దాని ఇంజను శక్తిని గూర్చి అడుగుదురే గాని, అది ఎంత దూరములో ఆగునని అడుగువారు అరుదు. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు హైదరాబాదు–విజయవాడ రహదారిపై ప్రయాణించువారికి ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. భౌతికశాస్త్ర పాఠములలోని రెండు మూడు సూత్రములతోనే దీనికి సమాధానము చెప్పవచ్చును. అందులకు ఒక పాత కారును ఉదాహరణగా గ్రహింతము.

1959లో బ్రిటనులో 'ట్రయంఫ్ హెరాల్డ్' అను కారు వెలువడినది. 1961 నుండి మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ వారు దానిని 'స్టాండర్డ్ హెరాల్డ్' అను పేర మన దేశములో తయారుచేసిరి. ఆ హెరాల్డు చట్రమునే కురుచచేసి 1962లో బ్రిటనులో 'స్పిట్‌ఫైర్' అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును నిర్మించిరి. తొలి హెరాల్డుకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. స్పిట్‌ఫైర్‌కు మాత్రము ముందు చక్రములకు డిస్కు బ్రేకులు అమర్చిరి. పాత కార్లయందు అభిరుచి గలవారు హెరాల్డుకు కూడ అట్టి డిస్కులను బిగించుట కలదు. ఈ మార్పు ఎందులకు?

బ్రేకు చేయు పని శక్తిని మార్చుటయే. కారు గతిజశక్తి దాని ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించిన వచ్చును. మనుషులతో కూడ 1000 కిలోగ్రాములున్న కారు గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో ఆ శక్తి సుమారు 62 వేల జౌళ్లు. 80 కిలోమీటర్ల వేగమున 2 లక్షల 47 వేల జౌళ్లు. వేగము రెట్టింపైన, శక్తి నాలుగు రెట్లైనది. గట్టిగా బ్రేకు వేసినపుడు ఈ శక్తిలో అధికభాగము కొన్ని క్షణములలో బ్రేకులలో వేడిగా మారును.

డ్రమ్ము బ్రేకులో షూలు డ్రమ్ము లోపలి గోడను ఒరయును. వేడి లోపలనే చిక్కుకొనును. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగు పట్టు కూడ సడలును. పదేపదే బ్రేకు వేసిన కారు చివరకు ఆగనొల్లకుండుటకు కారణమిదే. డిస్కు బ్రేకులో గాలికి తెరచియున్న చక్రమును రెండు ప్యాడ్లు ఇరువైపుల నొక్కును; అందుచే అది త్వరగా చల్లారును. 1902లోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ దీనికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెమున జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో గెలుపొందిన పిమ్మట దీని ఖ్యాతి వ్యాపించెను.

అయినను డిస్కు బిగించినంతనే పని ముగిసినట్లు కాదు. డ్రమ్ములో తిరుగుచున్న డ్రమ్మే ముందరి షూను లోనికి లాగి కాలి బలమునకు సాయపడును. డిస్కులో ఆ సాయము లేదు. కాలితో మరింత గట్టిగా తొక్కవలెను, లేదా బూస్టరు అమర్చవలెను. పాస్కల్ సూత్రము ననుసరించి, మాస్టర్ సిలిండరు కన్న చక్రము వద్ద పిస్టను వైశాల్యము పెద్దదైనకొలది బలము పెరుగును; కాని పెడలు అంత ఎక్కువ దూరము కదలవలెను. కావున మాస్టర్ సిలిండరు క్రొత్త పిస్టన్లకు తగినదై యుండవలెను. డ్రమ్ముల కొరకు గొట్టములో కొంత ఒత్తిడిని నిలిపియుంచు వాల్వును డిస్కుల వైపు తొలగింపనిచో ప్యాడ్లు ఎల్లవేళల ఒరయుచు కాగిపోవును. వెనుక చక్రములు ముందుగా బిగిసినచో కారు గిర్రున తిరుగును గనుక, ముందు వెనుకల బలము సరితూగవలెను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చును. డాట్ 3 రకము ఆయిలు క్రొత్తదైనచో కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగదు. తేమ చేరినపుడు ఆ హద్దు 140 డిగ్రీలకు దిగజారవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి పుట్టి పెడలు నేలకంటును. కావున ఆయిలును, పాత రబ్బరు గొట్టములను మార్చుటయే మొదటి అభివృద్ధి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండును. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. మెకానిక్కులు దానిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

కడపటి మాట టైరుది. చక్రమును బిగించగల మంచి డ్రమ్ము బ్రేకు, చల్లగా నున్నపుడు, ఒక్కసారి ఆపుటలో డిస్కుకు ఇంచుమించు సమానమే. ఆపైన హద్దు టైరుకును రోడ్డుకును గల ఘర్షణది. ఘర్షణ గుణకము 0.7 అయినచో 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆగుటకు 36 మీటర్లు కావలెను. అపాయమును గ్రహించి కాలు కదుపుటకు ఒక సెకను పట్టినచో అంతలోనే మరి 22 మీటర్లు గడచును. వెరసి 58 మీటర్లు. కోతల కాలమున మిర్యాలగూడ ప్రాంతపు రోడ్లపై వడ్లు ఆరబోయుట మనమెరిగినదే. టైరు క్రింద గింజలు దొర్లి ఘర్షణ సగమైనచో ఆ 36 మీటర్లు 72 అగును. ఆ దూరమున వడ్లు తిరుగవేయు కూలీలు, బడికి పోవు పిల్లలు ఉందురు. ఎంత విలువైన డిస్కు కూడ అచ్చట అక్కరకు రాదు. వేగమును ముందుగా తగ్గించుటయే ఉపాయము.

కావున పాత కారు గలవారు మొదట ఉన్న బ్రేకును బాగుచేసికొని, పిదప తెలిసిన మెకానిక్కుచే డిస్కులు అమర్చుకొని, ఖాళీ స్థలమున పరీక్షించి, ఆ మీదటనే రహదారి కెక్కవలెను. స్కూటరు నడుపు విద్యార్థులకును ఈ లెక్క వర్తించును. వేగవర్గ సూత్రమును పరీక్ష కొరకే గాక ప్రయాణమునకు కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.