ఇరవై నిమిషాల పరీక్ష

వయోజనులకు భాష నేర్పడం తెలుగువారికి కొత్త విషయం కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేందుకు 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పడింది. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌను అక్కడే తెలుగు నేర్వనారంభించి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. ఆనాడు అధికారులకు పరిమితమైన ఆ అవసరం నేడు సామాన్యులదాకా వచ్చింది. ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరిన ఉత్తరాదివారికి తెలుగు కావాలి. జర్మనీ వెళ్లదలచిన నర్సుకు జర్మన్ భాష కావాలి. ఇటువంటివారికి సాయంవేళల్లో, సెలవు దినాల్లో బోధించే సంస్థలు తరచు గంటల లెక్కన వేతనమిచ్చి అధ్యాపకులను నియమించుకొంటాయి. నియామకానికి ముందు అభ్యర్థి ఒక నమూనా పాఠం చెప్పవలసి ఉంటుంది. దీనినే వాడుకలో ‘డెమో’ అంటారు.

ఈ పాఠానికి సాధారణంగా పావుగంట నుంచి అరగంట వరకు వ్యవధినిస్తారు. ఎదుట నిజమైన విద్యార్థులు ఉండవచ్చు. లేదా సంస్థలోని అధ్యాపకులే విద్యార్థులుగా కూర్చోవచ్చు. తనకు తెలిసినదంతా ఆ కొద్ది సమయంలోనే ప్రదర్శించాలన్న ఆరాటం అభ్యర్థికి సహజం. అయితే పాండిత్యానికి అతని పట్టాలే సాక్ష్యం చెబుతాయి. పాఠానికి ముందు తనకు రాని ఒక మాటను, పాఠం ముగిసేసరికి విద్యార్థి తనంతట తాను పలుకగలిగాడా లేదా అన్నదే ఇక్కడ అసలైన కొలమానం.

హిందీ మాతృభాషగా గల పదిమందికి ‘మేము’, ‘మనం’ అనే పదాల భేదాన్ని ఇరవై నిమిషాల్లో నేర్పాలనుకొందాం. హిందీలో ఈ రెండింటికీ ‘హమ్’ ఒక్కటే. కనుక ఈ భేదం వారికి కొత్త. ఒక అభ్యర్థి సర్వనామ నిర్వచనంతో ఆరంభించి, ద్రావిడభాషల లక్షణాలను వివరిస్తూ బల్లనంతా నింపివేస్తాడు. అతడు చెప్పినదంతా సత్యమే. కాని ఇరవై నిమిషాల్లో పద్దెనిమిది నిమిషాలు అతని కంఠమే వినిపిస్తుంది.

మరొక అభ్యర్థిని ఇద్దరు విద్యార్థులను పిలిచి తన పక్కన నిలుపుకొంటుంది. కూర్చున్నవారిని చూస్తూ “మేము భోజనానికి వెళుతున్నాం” అంటుంది. తరువాత చేతులు చాచి అందరినీ కలుపుకొంటూ “మనం భోజనానికి వెళుతున్నాం” అంటుంది. వాక్యంలో ఒక్క పదం తప్ప మరేదీ మారలేదు. అందువల్ల విద్యార్థి దృష్టి ఆ పదం మీదనే నిలుస్తుంది. “ఇప్పుడు ఎవరెవరు వెళుతున్నారు?” అని ఆమె అడుగుతుంది. సమాధానం తరగతి నుంచే వస్తుంది. ఆపై విద్యార్థులు ఇద్దరిద్దరుగా తమ ఇంటి గురించి, కార్యాలయం గురించి వాక్యాలు చెప్పుకొంటారు. వినేవారిని కలుపుకొంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’ అన్న సూత్రం చివరి రెండు నిమిషాల్లో బల్లపైకి వస్తుంది. అప్పటికి విద్యార్థులు దానిని అనుభవంతో గ్రహించి ఉంటారు.

వయోజన విద్యార్థి స్వభావాన్ని కూడ అభ్యర్థి గుర్తెరగాలి. కార్యాలయంలో పదిమందికి ఆదేశాలిచ్చే వ్యక్తి తరగతిలో చిన్న వాక్యానికే తడబడతాడు. నలుగురి ఎదుట నవ్వులపాలైతే మరునాడు తరగతికి రాకపోవచ్చు. అతడు తన కుటుంబాన్ని ఉద్దేశించి “నిన్న మనం ఢిల్లీ నుంచి వచ్చాం” అన్నాడనుకొందాం. “తప్పు” అని ఖండించడం సులభమే. “నేను మీతో రాలేదు కదా!” అని అధ్యాపకురాలు చిరునవ్వుతో అంటే, అతడే ఆలోచించి “మేము వచ్చాం” అని దిద్దుకొంటాడు. దోషమూ తొలగుతుంది, ఆత్మగౌరవమూ నిలుస్తుంది.

ఇట్టి పాఠానికి ముందుచూపు అవసరం. విద్యార్థులు ఎందరు, వారి స్థాయి ఏమిటి, వారికి వచ్చిన భాషలేవి, గదిలో ఏ సౌకర్యాలున్నాయి అన్న విషయాలను ముందుగానే సంస్థను అడిగి తెలుసుకోవాలి. విద్యుత్తు పోయినా సాగేటట్లు పాఠాన్ని సిద్ధం చేసుకోవాలి. ఇచ్చిన వ్యవధిలో ముగించడం కూడ పరీక్షలో భాగమే.

సంస్థకూ కొన్ని బాధ్యతలున్నాయి. నమూనా పాఠం పరీక్షయే గాని వెట్టిచాకిరి కాదు. ఆ పేరుతో రోజుల తరబడి వేతనం లేకుండా తరగతులు చెప్పించుకోవడం అన్యాయం. గంటకు వేతనమెంత, పాఠం తయారుచేసుకొనే సమయానికి ప్రతిఫలముందా అని అభ్యర్థి ముందుగా అడగడం అవినయం కాదు. గంటల లెక్కన జీవించేవారికి ప్రతి గంటా విలువైనదే. ఉద్యోగం లభించకపోయినా, తన పాఠంలోని గుణదోషాలను తెలుసుకొనే అవకాశం అభ్యర్థికి ఉండాలి.

భాష నేర్పదలచినవారు ముందుగా ఒక కొత్త భాషకు విద్యార్థులు కావడం మంచిది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ఒక సవర వ్యక్తిని ఇంట నిలుపుకొని ఆ భాషను నేర్చుకొన్నారు. ఆ పరిజ్ఞానంతోనే సవరల కోసం పుస్తకాలు రచించి, పాఠశాలలు నడిపారు. తాను స్వయంగా తడబడినవానికే ఎదుటివారి తడబాటు అర్థమవుతుంది. నమూనా పాఠానికి సిద్ధమయ్యే యువతీయువకులు తమకు బొత్తిగా తెలియని భాషలో నాలుగు వాక్యాలు నేర్వడానికి యత్నించినచో, తరగతిలో ఎక్కడ ఆగాలో, ఎప్పుడు మౌనం వహించాలో వారికి బోధపడుతుంది.